చుట్టపుచూపు

మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు అడిగాడు
ఎందుకొచ్చావని.
మా ఆవిణ్ని చూడ్డానికి, అన్నాను.
ఎన్నాళ్లు, అన్నాడు.
ఏ మొగుడైనా ఈ ప్రశ్నకి
లెక్కగట్టి జవాబు చెప్పుంటాడా?
తొంభై రోజులు, అన్నాను,
తిరుగు టికెట్టు అడక్కముందే చూపిస్తూ.

తెనాలిలో నా పని మోటార్లు చుట్టడం.
మాడిన రాగితీగ విప్పి
చుట్టు చుట్టుకీ లెక్క తప్పకుండా కొత్తది చుట్టడం.
ఈ బాలరాట్‌లో
నేనే చుట్టాన్ని.

జులై. గడ్డి మీద తెల్లగా మంచు గడ్డకట్టి ఉంటుంది.
నువ్వు ఏడున్నరకి వస్తావు,
రాత్రంతా ముసలివాళ్లని ఒత్తిగిలించి, మాత్రలు మింగించి,
గుమ్మంలో బూట్లు విప్పుతూనే సగం నిద్రలో.
నీ రాత్రి భోజనమూ నా పొద్దుటి టిఫినూ
ఒకటే గిన్నెలో ఉప్మా.
పెళ్లయి రెండేళ్ల నాలుగు నెలలు.
ఒక కప్పు కింద ఉన్నది
నూట పదకొండు రోజులు, ఇవాళ్టితో కలిపి.

మన ఫైల్లో ఏముంది?
ఫోటోలు. జాయింటు ఖాతా. ఫోను మాటల చిట్టా.
కరెంటు బిల్లు, రెండో వరసలో నా పేరు,
యోహానుని జోవన్ చేసి.
నేను వెలిగించని లైట్లకి నేనూ బాకీదారుణ్ని.
సంబంధం నిజమైనదేనా, కొనసాగుతున్నదేనా,
వివరించమని ఒక గడి.

నిద్రలో నువ్వు నా భుజం తడతావు,
ఇట్సాల్‌రైట్ డార్లింగ్, అంటావు.
అది నాకు కాదు,
ఏడో గదిలో నిద్రపట్టని ఎవరో ముసలమ్మకి.
అయినా నేను నిద్రపోతాను.
దీన్ని ఏ గడిలో రాయమంటావు?

పక్కింటి డెస్మండ్ పంపు పారెయ్యబోతుంటే ఆపాను.
లోపల ఒక తీగ ఊడిందంతే.
ఆయన యాభై డాలర్ల నోటు చాపాడు.
పొయ్యి తగిలినట్టు నా చెయ్యి వెనక్కొచ్చింది.
పని చెయ్యకూడదన్న షరతు
వీసా కాగితంలో కన్నా నా మోచేతిలో గట్టిగా ఉంది.
మర్నాడు గుమ్మంలో సంచీడు నిమ్మకాయలు.
ఇవి జీతం కిందకి వస్తాయా, అని నిన్నడిగాను.
నువ్వు నవ్వి, నవ్వి,
ఒక బూటు చేతిలో పట్టుకునే నవ్వి,
ఆగి,
తెలీదు, అన్నావు.

ఏజెంటు ఫోన్లో నెమ్మదిగా చెప్పాడు.
మంజూరయ్యే రోజున నేను ఈ దేశంలో ఉండకూడదట.
నీ పక్కన ఉండే హక్కు
నేను నీ పక్కన లేని రోజునే పుడుతుందట.
ఇప్పటికి రూలు అదీ, అన్నాడు.
మంచివార్త వస్తే చెప్తాను, అన్నాడు.
మంచివార్తనే కదా, సువార్తా,
నేను పెళ్లి చేసుకున్నది.

ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు చుట్లుంటాయి,
ఒకదాన్నొకటి తాకవు, తాకితే మాడిపోతాయి,
అయినా దీన్లోంచి దాన్లోకి కరెంటు వెళ్తుంది
అని నీకు చెప్పబోయాను.
నువ్వప్పటికే పడుకున్నావు.

నిమ్మకాయలు చెక్కలు కోశాను.
జాడీ లేదు, ఖాళీ కాఫీ సీసా.
ఉప్పు, పసుపు. కారం తరవాత కలుపుకో.
ఎక్కడో ఏ ఆఫీసులోనో మన ఫైలు కూడా ఇలాగే ఊరుతూ ఉంటుంది,
కలియబెట్టే చెయ్యి లేకుండా.
సీసా మీద తేదీ రాశాను.
మూడువారాలు ఆగు.
ముక్క మెత్తబడేసరికి నేనుండను,
రుచి ఎలా ఉందో ఫోన్లో చెప్పు,
ఉప్పెక్కువైందని మాత్రం అనకు.

వెళ్లేటప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు.
ఎందుకెళ్తున్నావని గానీ
ఎన్నాళ్లని గానీ.
మిషను నా మొహం చూసి
తలుపు తీసింది.
పాస్‌పోర్టు పట్టుకున్న వేళ్లకి
గోళ్ల సందుల్లో పసుపు.